గోపాలపురం ఒడ్డున ఒక రాత్రి భోజనం

క్రిందటి నెల అప్పడాల పిండిని గురించి వ్రాసినందుకు ఇద్దరు ముగ్గురు సోదరీమణులు జాబులు వ్రాసేరు. వారికి జవాబు వచ్చే నెల. ఈ నెల కూడా తిండి సంగతే గాని, వంట మా యింటిది కాదు.

మా అమ్మ ఆబ్దికం మాఘమాసంలో వస్తుంది. ఈ యేడు దానికి మా తమ్ముడు విశాఖపట్నం నుంచి వచ్చేడు. వచ్చేడని ప్రత్యేకం వ్రాస్తున్నానంటే, అంతకు ముందు రెండేళ్ళు రాలేదన్నమాట. ఆ రెండేళ్ళూ మా యిద్దరికీ మాటలు లేవు. కారణం చెప్పుకోవడానికి సిగ్గే గాని, పాత యిళ్ళున్న వారికి వివరించనక్కర లేదు. బరంపురంలో మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఒకటుంది. అమ్మేసి ఎవరి వాటా వారు తీసుకుందామని వాడంటాడు. నేను అందులోనే కాపురం ఉంటున్నాను గనుక వద్దంటాను. పోనీ వాడి వాటా నేనే కొనుక్కుందామా అంటే, గుమాస్తా జీతం ఎంతమేరకు సాగుతుందో మీకు తెలియనిది కాదు.

ఆబ్దికం నాడు వాడు బ్రాహ్మణ్ణి పలకరించేడు, వంటావిణ్ణి పలకరించేడు, మా పిల్లలతో నవ్వుతూ మాట్లాడేడు. నాతో మాత్రం “దర్భలు” అన్నాడు. అందించేను. అంతే.

మర్నాడు సాయంత్రం మా నాన్నగారు చేతికర్ర పుచ్చుకుని వీధి అరుగు మీదికి వచ్చి, “గోపాలపురం పోదాం పదండి. మీరిద్దరే. ఇంకెవరూ వద్దు” అన్నారు. ఆయనకు ఎనభై దాటేయి. అమ్మ పోయిన తరువాత బజారుకు కూడా సరిగా వెళ్ళని మనిషి. మా యింటావిడ ముఖం ముడుచుకుంది గాని పైకి ఏమీ అనలేదు.

బరంపురానికి గోపాలపురం పదహారు కిలోమీటర్లు. ఆటోలో నాన్నగారు మా యిద్దరికీ నడుమ కూర్చున్నారు. తమ్ముడు ఆ ప్రక్క పొలాలు చూసేడు, నేను ఈ ప్రక్క పొలాలు చూసేను.

ఈనాటి వారికి గోపాలపురమంటే ఇసుక, దీపస్తంభం, సెలవునాటి జనం. ఒకప్పుడది పెద్ద రేవు. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులలో ఇక్కడినుంచి రంగూనుకు పొగఓడలు వెళ్ళేవి. ఓడ ఒడ్డుకు రాలేదు; దూరాన ఆగితే, అలల మీదుగా మనుషులనూ మూటలనూ పడవలలో చేర్చేవారు. ఆ పడవలు నడిపినది మన తెలుగు పల్లెవారే. ఒరియావారు వారిని నోలియాలంటారు. ఈనాటికీ వారి యిళ్ళలో మాట తెలుగే. మా తాతగారు రంగూనులో ఒక బియ్యం మిల్లులో లెక్కలు వ్రాసి, 1938లో ఆ పడవల మీదనే తిరిగివచ్చి దిగేరట. ఆ డబ్బుతోనే మా యిల్లు లేచింది. అప్పటికి రెండేళ్ళ క్రిందటే, 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి బరంపురం అందులో కలిసింది. “మీ తాత మద్రాసు రాజధానినుంచి వెళ్ళి ఒరిస్సాలో దిగేడు” అని నాన్నగారు నవ్వుతూ ఉంటారు.

ఆరోజు నవ్వలేదు. తిన్నగా ఇసుక చివరనున్న ఒక పాక హోటేలుకు నడిచేరు. వెదురు గుంజలు, పైన నీలం టార్పాలిను, నాలుగు ప్లాస్టిక్ బల్లలు, ఒక్కటే దీపం. పొయ్యి బయటే ఉంది. అలల హోరుకు గట్టిగా అరిస్తేగాని వినపడదు. మాట్లాడుకోని అన్నదమ్ములకు అంతకంటే అనువైన చోటుండదు!

నాన్నగారు నలభై యేళ్ళు ఒరియా దస్త్రాలతో ఉద్యోగం చేసిన మనిషి. తన ఒరియా మీద ఆయనకు గర్వం. ఏ చేపలున్నాయని ఒరియాలో అడిగేరు. పొయ్యి దగ్గరి ముసలావిడ తలెత్తి, “తెలుగోలే కదా బాబూ, తెలుగులో అడగండి” అంది.

“ఎలా తెలిసింది?”

“మీ ఒరియా ఇంటే తెలీదేటి?”

తమ్ముడు ముఖం అటు తిప్పుకున్నాడు. నవ్వాపుకుంటున్నాడని వీపు చూస్తేనే తెలిసింది. నాకూ నవ్వు వచ్చింది గాని, ముందుగా నవ్వినవాడు ఓడినట్టవుతుందని బిగబట్టేను. ఎంత చిన్నతనమో చూడండి.

తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం గనుక ఋషికుల్య ముఖాన నవంబరు నుంచి మే దాకా వేట నిషేధమనీ, చేప తక్కువనీ ఆవిడ చెప్పింది. కవళ్ళ పులుసూ పీతల కూరా ఉన్నాయంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఇక్కడే తీరం దాటినప్పుడు పాక, గిన్నెలు, బల్లలు సర్వం పోయేయట. “ఈ రోలొక్కటే మిగిలింది బాబూ, బరువుకి” అంది.

మా యింట ఈ నడుమ చేపంటే ఆవ ముద్ద పెట్టి వండడమే, ఇరుగుపొరుగుల అలవాటు. అదీ రుచే, కాదనను. కాని ఆ పులుసులో ఆవ లేదు. చింతపండు, ఎండుమిరప, వెల్లుల్లి. వేడి అన్నంలో కలిపి మొదటి ముద్ద నోట పెట్టుకుని నాన్నగారు కాసేపు కదలలేదు. “మీ అమ్మ చేసేది” అన్నారు. తరువాత మాట లేదు.

పీతలు వచ్చేయి. నాన్నగారికి పళ్ళు లేవు. తమ్ముడు లేచి పొయ్యి ప్రక్కనుంచి ఒక గుండ్రాయి తెచ్చి, డెక్కలు బద్దలు చేసి, గుజ్జు తీసి ఆయన పళ్ళెంలో పెట్టేడు. రెండవది కొట్టి, చూసుకోకుండానే నా పళ్ళెంలో పడేసేడు. చిన్నప్పుడు నాకు పీతలు విరవడం చేతనయ్యేది కాదు. వాడే విరిచి పెట్టేవాడు. పెట్టిన తరువాత గుర్తుకొచ్చింది కాబోలు, చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తీసుకోలేడు గదా! నేను తినేసేను.

కొంతసేపటికి రాయి మీదనుంచి చూపు ఎత్తకుండానే, “పైకప్పు కారుతోందా?” అన్నాడు.

“నీ గదిలోనే.”

“నా గదిలో ఎవరుంటున్నారు?”

“ఎవరూ లేరు. నీ పుస్తకాలు మా గదిలోకి మార్చేను, తడుస్తాయని.”

నాన్నగారు మజ్జిగ త్రాగుతూ, “ఇంటి సంగతి నేను పోయిన తరువాత మీరిద్దరూ ఏం చేసుకున్నా సరే. నేనుండగా మాత్రం కారకూడదు” అన్నారు. అంతకుమించి ఆయన వాదించలేదు. మేమూ వాదించలేదు.

డబ్బు ఇచ్చే వేళకు గుంజకు అంటించిన చీటీ ముందు ఇద్దరం ఫోనులు ఎత్తేము. చేతులకు కూర వాసన ఇంకా పోలేదు. ముసలావిడ మా యిద్దరినీ పక్కకు నెట్టి, “పెద్దాయనుండగా పిల్లలకాడ నేను పుచ్చుకోను” అంది. నాన్నగారు పంచె కొసన కట్టుకున్న నోట్లు విప్పేరు. ఇంటి దగ్గరే ముడి వేసుకుని బయలుదేరేరన్నమాట.

తమ్ముడు మర్నాటి బండికి వెళ్ళిపోయేడు. వాటా సంగతి తేలలేదు. మొన్న ఆదివారం మాత్రం పెంకులు నేసేవాడు వచ్చి కప్పెక్కి చూసేడు. విశాఖపట్నంలోని బాబుగారు ఫోనులో మాట్లాడేరనీ, సగం కూలి ముందే పంపేరనీ చెప్పేడు. మిగిలిన సగం నేను ఇవ్వాలి. వానలకు ముందే పని ముగిస్తానన్నాడు.