వంద రూపాయల్లో అయిదు పైసలు

రాత్రి పది దాటాక హైదరాబాద్‌లో ఏ పెద్ద సర్కారు దవాఖానా ముందుకు వెళ్లినా గోడ వారగా ప్లాస్టిక్ పట్టాలు పరిచి కనిపిస్తాయి. తలకింద దిండు బదులు చెప్పులు, వాటిమీద మడతపెట్టిన తువ్వాలు, ఎవరూ ఎత్తుకుపోకుండా నడుం కింద ఎక్స్‌రే కవరు. రోగి దగ్గర వార్డులో ఒక్కరినే ఉండనిస్తారు. జిల్లాల నుంచి తోడు వచ్చిన మిగతావాళ్లకు పేవ్‌మెంటే గది. లాడ్జికి పెట్టే డబ్బు మందులకు కావాలి మరి. వీళ్లకు ఊళ్లో ఇల్లుంది, రేషన్ కార్డుంది. ఈ నగరంలో ఈ రాత్రికి మాత్రం నిరాశ్రయులే.

కాస్త అవతల ఫ్లైఓవర్ కింద ఏడాది పొడుగునా పడుకునేవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామంది పొద్దున్నే లేచి పనికి పోయేవాళ్లే. లేబర్ అడ్డా మీద నిలబడే కూలీ, మార్కెట్లో మూటలు మోసే హమాలీ, పెళ్లిళ్లలో గిన్నెలు కడిగే మనిషి. 2001 జనగణనలో దేశంలోని పట్టణాల్లో ఇల్లు లేనివారు 7.78 లక్షలు, 2011 నాటికి 9.38 లక్షలయ్యారు. అదే పదేళ్లలో పల్లెల్లో ఈ సంఖ్య తగ్గింది. అంటే ఇల్లు లేకపోవడమన్నది ఊళ్ల నుంచి నగరాలకు తరలివస్తోంది. 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడాది జరగలేదు కాబట్టి, అధికారులు చాలా ఏళ్లు ఆ పాత లెక్కలే తిరగేస్తూ వచ్చారు.

వీళ్ల కోసం నగరాలు తలుపులు తెరిచింది తమంతట తాముగా కాదు, కోర్టు చెబితేనే. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీ కార్పొరేషన్ పూసా రోడ్డులోని ఒక గుడారాన్ని పీకేసింది. అందులో తలదాచుకున్నవాళ్లు నడివీధిన పడ్డారు. ఆ సంగతి ఆహార హక్కు కేసు విచారిస్తున్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2010 జనవరిలో కోర్టు ముందు ఢిల్లీని, ఆ తర్వాత మిగతా పెద్ద నగరాలను ఆదేశించింది: లక్ష జనాభాకు ఒక వసతి కేంద్రం ఉండాలి, అది ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ తెరిచి ఉండాలి.

2011 లెక్కల ప్రకారం హైదరాబాద్ నగరపాలక సంస్థ, జీహెచ్‌ఎంసీ పరిధిలో జనం దాదాపు 68 లక్షలు. ఆ లెక్కన 68 కేంద్రాలు కావాలి. నగరం ఆ అంకె దరిదాపులకు కూడా రాలేదు. వచ్చినవాటికి చాలావరకు ఊపిరి పోసింది 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్. మన రాష్ట్రాల్లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ద్వారా నడిచిన పథకమది. దాని నిబంధనల్లో యాభై మంది ఉండే కేంద్రానికి ఏడాది నిర్వహణ ఖర్చు ఆరు లక్షల రూపాయలు. నెలకు యాభై వేలన్నమాట. అందులోనే మేనేజరు జీతం, మూడు షిఫ్టుల్లో ముగ్గురు కేర్‌టేకర్ల జీతాలు, కరెంటు, నీళ్లు, దుప్పట్ల ఉతుకు. తలకు రోజుకు ముప్ఫై మూడు రూపాయలు. రెండు చాయ్‌ల ఖరీదు! ఆ సాయం కూడా అయిదేళ్లకే. ఆపైన స్థానిక సంస్థే చూసుకోవాలి.

2024 సెప్టెంబరు 30న ఆ మిషన్ గడువు తీరిపోయింది. 2025 ఫిబ్రవరిలో నిరాశ్రయుల కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, కొత్త పట్టణ పేదరిక నిర్మూలన మిషన్‌కు తుదిరూపం ఇస్తున్నామని కేంద్రం చెప్పింది. అది ఎప్పటికి అమల్లోకి వస్తుందో చెప్పమని ధర్మాసనం అడిగింది. పాత పథకం పోయి, కొత్తది రాని ఆ నడిమి రోజుల్లో కేర్‌టేకర్ జీతం ఎవరివ్వాలి? నగర బడ్జెట్లను అడగాల్సిన ప్రశ్న ఇదే.

నిరాశ్రయుల వసతి ఇప్పటికీ పథకంగానే మిగిలింది, పద్దు కాలేదు. పథకానికి ఆరంభం, గడువు, ఫ్లెక్సీ ఉంటాయి. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, ఒక్కోసారి అసలుకే ఎసరొస్తుంది. 2018లో తెరిచిన అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి, మళ్లీ 2024 ఆగస్టులో తెరుచుకోవడం ఆంధ్రప్రదేశ్ జనం చూశారు. పద్దు సంగతి వేరు. వీధిదీపాల కరెంటు బిల్లుకు ఏ కమిషనరూ గడువు పెట్టడు. ఖజానా ఎంత ఖాళీ అయినా చెత్త ఎత్తే లారీకి డీజిల్ పోయిస్తారు.

పద్దుకూ పథకానికీ ఉన్న ఈ తేడా న్యూయార్క్‌లో బాగా కనిపిస్తుంది. 1979లో రాబర్ట్ హేస్ అనే యువ న్యాయవాది, బవరీ వీధిలో బతుకుతున్న కాలహాన్ అనే వ్యక్తి తరఫున నగరం మీద దావా వేశాడు. పేదల సంరక్షణ ప్రభుత్వ బాధ్యతని రాష్ట్ర రాజ్యాంగంలో ఉన్న మాటే ఆయన ఆధారం. 1981లో నగరం దిగివచ్చి, అడిగిన నిరాశ్రయ మగవాళ్లకు పడక ఇస్తామని రాజీ ఒప్పందం మీద సంతకం చేసింది. ఆ సంతకం పడేనాటికి కాలహాన్ లేడు, వీధిలోనే చనిపోయాడు.

2022 నుంచి అక్కడికి వలసదారులు వెల్లువెత్తారు. షెల్టర్లలో జనం లక్షా ఇరవై వేలు దాటారు. ఆ ఖర్చును చూపించి 2023 నవంబరులో మేయర్ ఎరిక్ ఆడమ్స్ అన్ని శాఖల్లోనూ అయిదు శాతం కోత పెట్టాడు. లైబ్రరీలు ఆదివారం మూతపడ్డాయి. వలసదారుల ఖర్చునూ కుదించారు, ఉండే రోజులకు పరిమితి పెట్టారు. కానీ తలుపు మూసేయడం మాత్రం మేయర్ చేతిలో లేకపోయింది. అది కోర్టు ముందు ఒప్పుకున్న బాధ్యత మరి. లైబ్రరీల కోసం పాఠకులు గొంతెత్తారు, 2024 జూన్‌లో ఆ డబ్బు తిరిగి వచ్చింది. ఓటూ, చిరునామా ఉన్నవాళ్లు కోతకు ఎదురు నిలవగలరు. అవి లేనివాళ్లకు కాగితం మీది హక్కే దిక్కు.

అక్కడి నుంచి నేర్వాల్సిన రెండో పాఠం కూడా ఉంది. ముందుచూపు లేక, అప్పటికప్పుడు హోటళ్లు అద్దెకు తీసుకోవడంతో ఒక్కో కుటుంబానికి రోజుకు 380 డాలర్లకు పైగా ఖర్చయింది. దాహం వేసినప్పుడు బావి తవ్వితే అంతే.

ఉన్న షెల్టర్లలోనే మంచాలు ఖాళీగా ఉంటున్నాయి, కొత్తవెందుకని అధికారులు అంటారు. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. కానీ తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్లో ఉండాల్సిన హమాలీ అయిదు కిలోమీటర్ల అవతలి షెల్టర్‌కు ఎందుకు పోతాడు? తోపుడుబండి పెట్టుకునే చోటు లేకపోతే బండివాడు బండి పక్కనే పడుకుంటాడు. మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి అంటే భార్యాపిల్లలతో వచ్చినవాడు ఫ్లైఓవర్ కిందే ఉండిపోతాడు. రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్ల దగ్గరే కేంద్రాలు పెట్టాలని మిషన్ నిబంధనలే చెప్పాయి. ఖాళీ మంచం ఎక్కువసార్లు చెప్పేది అవసరం లేదని కాదు, చోటు తప్పిందని.

ఇక డబ్బు లేదన్న మాట. 2025-26కు జీహెచ్‌ఎంసీ ఆమోదించిన బడ్జెట్ 8,440 కోట్లు. పాత రేటు ప్రకారం 68 కేంద్రాల నిర్వహణకు ఏడాదికి 4 కోట్ల 8 లక్షలు. వంద రూపాయల్లో అయిదు పైసలు. ధరలు పెరిగాయి, ముప్ఫై మూడు రూపాయలతో మనిషికి మర్యాదైన పడక రాదనుకుని మూడింతలు చేసినా పదిహేను పైసలు దాటదు. 2014 నుంచి అయిదు రూపాయల భోజనానికి సబ్సిడీ భరిస్తూ వచ్చిన నగరమిది. మధ్యాహ్నం అన్నం పెట్టాలని గట్టిగా అనుకుంది, పెట్టింది.

రాత్రి సంగతి కూడా అలా అనుకోవాలి. బడ్జెట్ పుస్తకంలో జీతాలు, కరెంటు బిల్లుల వరసలో షెల్టర్ల నిర్వహణకు సొంత పద్దు ఉండాలి. కేంద్రం కొత్త మిషన్ తెస్తే ఆ డబ్బుతో కొత్త భవనాలు కట్టుకోవచ్చు. ఉన్నవాటి తాళంచెవి మాత్రం ఢిల్లీ ఫైలుకు కట్టి ఉండకూడదు. మొదటి ఏడాది కొత్త కేంద్రాలు పెద్దాసుపత్రుల పక్కనే తెరవాలి. అక్కడ అవసరం ఎంతో తేల్చడానికి సర్వేలు అక్కర్లేదు. తెల్లవారుజామున, పారిశుద్ధ్య కార్మికులు చీపుర్లతో రాకముందే గోడ వారగా పరిచిన పట్టాలు లెక్కపెడితే చాలు.