చిత్తుప్రతిని తుడిచివేయకండి

కీన్స్ 1946లో కన్నుమూశాడు. దాదాపు ముప్ఫయ్యేళ్ళ తరువాత, ఇంగ్లండులోని ససెక్స్‌లో టిల్టన్ అనే ఆయన పల్లెటూరి ఇంట్లో, మాసిన బట్టలు వేసే బుట్టలో కొన్ని కాగితాలు దొరికాయి. 1936లో అచ్చయిన ‘జనరల్ థియరీ’కి పూర్వరూపాలు, ఉత్తరాలు వాటిలో ఉన్నాయి. ఆ గ్రంథరచనకు సంబంధించిన సంపుటాలు రెండు 1973లోనే వెలువడి ఉన్నందున, బుట్టలో దొరికినవాటి కోసం 1979లో అనుబంధంగా 29వ సంపుటం వేయవలసి వచ్చింది.

తెలుగు పంతులుకు ఆర్థికశాస్త్ర చరిత్రతో పనేమిటని బ్లాగ్మిత్రులు అడగవచ్చు. పాఠపరిష్కరణ చదువుకొన్నవాడికి చిత్తుప్రతి కనిపిస్తే చేయి ఊరుకోదు. ఏ మాట ఎప్పుడు పోయింది, ఎందుకు పోయింది అన్నదే మా విద్య.

ఆ బుట్టలోని 1933 నాటి చిత్తులో కీన్స్ రెండు రకాల ఆర్థిక వ్యవస్థలను వేరు చేశాడు. ఒకదానిలో పనిచేసినవారు ఉత్పత్తిలో వాటా పుచ్చుకొంటారు. రెండవదానిలో వ్యాపారి డబ్బిచ్చి పని చేయిస్తాడు. పెట్టినదానికన్న ఎక్కువ డబ్బు తిరిగి వస్తుందన్న ఆశ ఉంటేనే పనివాణ్ణి పిలుస్తాడు. సరుకు ఎంత తయారయిందన్నది అతని లెక్క కాదు. నిరుద్యోగానికి మూలమెక్కడో ఇంత సూటిగా చూపిన ఆ విభజన, అక్కడి మార్క్సు ప్రస్తావన, రెండూ అచ్చు పుస్తకానికి ఎక్కలేదు. తుదిప్రతి ఒక్కటే మిగిలి ఉంటే ఆయన ఆ దారిన నడిచాడని మనకు తెలిసేదే కాదు.

నేటి పండితులకు ఆ బుట్ట అవసరం లేదు. పత్రికలో అచ్చు కావడానికి రెండు మూడేళ్ళు పట్టడం అరుదు కాదు కనుక, వ్యాసాన్ని ముందుగానే ‘వర్కింగ్ పేపరు’ పేరుతో జాలంలో పెడుతున్నారు. 1994లో ఎస్సెస్సార్‌ఎన్, 1997లో రీపెక్ వచ్చాయి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 2008లో ఏర్పడిన ఆర్థికశాస్త్ర చరిత్ర కేంద్రం కూడా తన వ్యాసాలను ఇలాగే అందిస్తున్నది. చందా కట్టలేని నాబోటి పాఠకుడు, విశ్వవిద్యాలయపు గుమ్మం దాటలేని పరిశోధకుడు, ఇద్దరికీ ఆ విద్య అందే ద్వారం ఇదే. 2016లో ఎస్సెస్సార్‌ఎన్‌ను ఎల్సెవియర్ కొన్నప్పుడు చాలామంది కలవరపడ్డారు. సమంజసమే. రీపెక్ పద్ధతి వేరు. అది వివరాలు, లంకెలు మాత్రమే చేరుస్తుంది. వ్యాసాలు ఆయా సంస్థల దగ్గరే ఉంటాయి. నాకిది నచ్చింది, కాని సంస్థ చిరునామా మార్చితే లంకె తెగుతుంది.

అయితే నా అసలు ఫిర్యాదు రచయితల మీదనే. వ్యాసం అచ్చు కాగానే చిత్తును తీసివేసేవారున్నారు. సవరించిన ప్రతిని పాతదాని స్థానంలోనే పెట్టి, పాతదాన్ని మాయం చేసేవారు మరికొందరు. ఇతరుల చిత్తుకాగితాల కోసం గ్రంథాలయాలలో దుమ్ము దులిపే చరిత్రకారులే తమ చిత్తులను తుడిచివేయడం నాకు మింగుడుపడదు! భౌతికశాస్త్రజ్ఞుల ‘ఆర్కైవ్’లో ఈ బెడద లేదు. అక్కడ సవరించిన ప్రతి పక్కనే మొదటి ప్రతీ ఉంటుంది. రచయిత ఉపసంహరించుకొన్నా పాత ప్రతులు చదవడానికి దొరుకుతాయి.

తప్పులు లోకానికి తెలిసిపోవా అంటారు. తెలియాలి. గ్రంథాలయంలో ఒక పాత ఉత్తరం చదివి, చేవ్రాత అర్థంకాక ఒక మాటను మరొకటిగా ఎత్తిరాశారనుకోండి. ఆ ఉత్తరాన్నే చూసిన మరొకరు అచ్చుకు ముందే దిద్దగలరు. పచ్చి వ్యాసాన్ని తుది తీర్పుగా ఉటంకించేవారు ఉంటారన్న మాట నిజమే. మొదటి పుటలోనే తేదీ, ఎన్నవ ప్రతి అన్నది పెద్ద అక్షరాలతో వేయాలి. అప్పటికీ చూడనివాణ్ణి ఎవరూ ఏమీ చేయలేరు.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. అముద్రిత లేఖలను ఉటంకించాలంటే హక్కుదారుల అనుమతి కావాలి; అది తొందరగా రాదు. అందుకని వ్యాసమంతా ఆపనక్కరలేదు. ఆ ఉల్లేఖన చోటు ఖాళీగా ఉంచి, ఎందుకు ఖాళీయో రాసి, మిగిలినది పెట్టవచ్చు. తాళపత్రంలో పురుగు తిన్నచోట మా గురువుగారు మాచేత చుక్కలు పెట్టించేవారు.