వంగొద్దన్నారు, నడవొద్దనలేదు

వెన్నెముక ఆపరేషన్ అయిన ఆడమనిషిని పలకరించడానికి వెళ్ళేవాళ్ళకు నాదొక విన్నపం. బత్తాయిలు, హార్లిక్సు తీసుకెళ్ళండి, వద్దనను. "మా చిన్నమ్మ ఇదే ఆపరేషన్ చేయించుకుని ఇరవై రోజులకే లేచి ఇంటెడు చాకిరీ చేసుకునింది" అనే కథను మాత్రం వాకిట్లోనే వదిలిపెట్టి లోపలికి వెళ్ళండి. ఆ చిన్నమ్మ ఎవరో, ఆమెకు చేసిన ఆపరేషన్ ఏదో, ఆమె నడుము ఇప్పుడెలా ఉందో ఎవరికీ తెలియదు. అయినా ప్రతి ఊళ్ళోనూ ఆమె ఉంది. ఆమెను చూపించి ఈ నాలుగు నెలల్లో మా అక్కను ఎంతమంది చిన్నబుచ్చారో లెక్కపెట్టడం మానేశాను.

మా అక్కకు యాభై రెండేళ్ళు. పాకాల వైపు పల్లెలో కాపురం. నడుము దగ్గర ఒక పూస ముందుకు జారింది. ఎడమకాలు తిమ్మిరెక్కి, పది అడుగులు వేస్తే ఎక్కడో ఒకచోట కూలబడేది. మందులు, బెల్టు, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాకే ఫ్యూజన్ చేశారు. ఎక్కడ చేశారన్నది ఇక్కడ అనవసరం, చేసినాయన పని చక్కగానే చేశాడు. మన వైపు ఆస్పత్రులకు కరువు లేదు. తిరుపతిలో స్విమ్స్, రుయా ఉన్నాయి, ఎముకలకైతే దేవస్థానం వాళ్ళ బర్డ్ ఉంది, అదీ కాదంటే రాయవేలూరు సి.ఎం.సి. ఉండనే ఉంది. కరువల్లా ఇంటికి వచ్చాకే.

ఫ్యూజన్ అంటే స్క్రూలతో బిగించేయడం, బిగించేశాక నడుము ఇనుములా ఐపోవడం అనుకుంటారు. కాదండీ. స్లాబు వేశాక కింద సెంట్రింగ్ చెక్కలు ఎందుకుంచుతాం? కాంక్రీటు గట్టిపడేదాకా బరువు మోయడానికి. ఈ స్క్రూలూ కడ్డీలూ ఆ చెక్కలే. అసలు పని పూసల మధ్య పెట్టిన ఎముక ముక్కలది. అవి పైపూసకూ కిందిపూసకూ అంటుకుని, అంతా ఒకే ఎముకగా పెరగాలి. దానికి మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది కూడా పడుతుంది. ఆ లోపల అక్కడ కదలిక ఎక్కువైతే ఎముక అతకదు. అతకకపోతే భారమంతా స్క్రూల మీద పడుతుంది. ఇనప తీగనైనా అటూ ఇటూ వంచుతూ ఉంటే ఒకనాటికి తెగుతుంది కదా, అలాగే స్క్రూ వదులవుతుంది, లేదా కడ్డీ విరుగుతుంది. మళ్ళీ ఆపరేషన్.

అందుకే డాక్టర్లు మూడు మాటలు చెప్తారు. వంగొద్దు, బరువెత్తొద్దు, నడుము మెలి తిప్పొద్దు. మొదటి వారాల్లో నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదన్నారు మా అక్కకు. ఎన్నాళ్ళు అన్నది మనిషిని బట్టి, చేసిన ఆపరేషన్‌ను బట్టి మారుతుంది. సాధారణంగా ఆరు వారాల నుంచి మూడు నెలలు గట్టిగా పాటించమని, తర్వాత ఎక్స్‌రే చూసి కొంచెం కొంచెం సడలిస్తారు. వద్దన్నవి ఈ మూడే. చెయ్యమన్నవీ ఉన్నాయి. నడవాలి, రోజుకు నాలుగైదుసార్లు, కొద్దికొద్దిగా పెంచుకుంటూ. ఒకేచోట అరగంటకు మించి కూర్చోకూడదు. మంచం మీంచి లేచేటప్పుడు చటుక్కున లేవకుండా మొత్తం ఒళ్ళు ఒక పక్కకు దొర్లి, కాళ్ళు కిందికి దించుతూ చేత్తో తోసుకుని లేవాలి. బాగా తినాలి, ముఖ్యంగా పప్పు, గుడ్డు, పాలు.

ఇప్పుడు మన ఇళ్ళల్లో జరిగేది చూడండి. సరిగ్గా తలకిందులు.

నడవాల్సిన మనిషిని నడవనివ్వం. "కుట్లు ఊడిపోతాయి, పడుకో" అంటాం. ఆపరేషన్ అయిన మర్నాడే నర్సు పట్టుకుని నడిపించిన మనిషిని ఇంటికి తెచ్చి కుక్కిమంచంలో వేస్తాం, అందులో నడుము ఊయలలా దిగబడిపోతుంది. పెద్దవాళ్ళను మరీ తప్పుపట్టలేను. ఈ ఆపరేషన్‌ను 1911లో న్యూయార్క్‌లో హిబ్స్, ఆల్బీ అనే ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారుగా మొదలుపెట్టినప్పుడు స్క్రూలూ లేవు, కడ్డీలూ లేవు. రోగిని వారాల తరబడి మంచానికే అప్పగించేవాళ్ళు. కాలం మారింది, మన మంచం మారలేదు.

తిండి దగ్గరా అంతే. పప్పు తింటే చీము పడుతుందట, గుడ్డు వేడట, పెరుగు వాతమట. చారన్నంతో ఎముక ఎలా పెరుగుతుందో నాకైతే తెలియదు. ఇన్ని పత్యాలు పెట్టే మనవాళ్ళు వక్కాకుతో పొగాకు నమిలితే మాత్రం "పాపం, పొద్దుపోదు కదా" అని ఊరుకుంటారు. ఎముక అతుక్కోవడానికి పెద్ద శత్రువుల్లో నికోటిన్ ఒకటి. బీడీ అయినా, చుట్ట అయినా, నమిలే పొగాకు అయినా దాంట్లో ఉండేది అదే. మానాల్సింది అది, పప్పు కాదు.

ఇక వద్దన్న మూడు పనులు. వాటిని చేయించడంలో మనకు మించినవాళ్ళు లేరు.

మా అక్క ఆపరేషన్ తర్వాత ఇరవై ఏడు రోజులు చంద్రగిరిలో మా ఇంట్లోనే ఉంది. ఆ తర్వాత వాళ్ళింటికి వెళ్ళింది. నలభై రోజులన్నా కాకముందే వాళ్ళ అత్త వాకిట్లోంచి, "ఏమ్మే, నాలుగు గీతలు ముగ్గేస్తే నడుము ఇరిగిపోతాదా?" అనిందట. విరిగిపోతుందండీ. విరక్కపోయినా అతకదు. ముగ్గంటే నాలుగు గీతలు కాదు. ముందు కసువు ఊడ్చాలి, బకెట్టు మోసుకొచ్చి నీళ్ళు చల్లాలి, తర్వాత నడుము రెండుగా మడిచి, అడుగు అడుగుకీ పక్కకు తిరుగుతూ ముగ్గు వెయ్యాలి. వద్దన్న మూడూ అక్కడే ఐపోయాయి, ఇంకా తెల్లారను కూడా లేదు.

"చిన్న పని" అనే మాట మీద నాకు చాలా కోపం. పది లీటర్ల బిందె నిండితే నీళ్ళ బరువే పది కిలోలు, బిందె బరువు వేరే. తడిసిన దుప్పట్ల బకెట్టు దానికి తక్కువేం కాదు. నిండు గ్యాసు సిలిండరు దాదాపు ముప్ఫై కిలోలు, దాన్ని ఎత్తక్కర్లేదు, ఒంటిచేత్తో ఒరిగించి దొర్లించినా చాలు. రాగిసంగటి గెలకడం చూసే ఉంటారు. గిన్నె కింద పెట్టి, కాళ్ళతో అదిమిపట్టి, ముందుకు వంగి, రెండు చేతులా కట్టెతో కలియదిప్పడం. నడుముకు ఏది చెయ్యకూడదో నేర్పడానికి ఇంతకంటే మంచి బొమ్మ ఏ ఆస్పత్రి గోడ మీదా ఉండదు. మన వైపు ఇళ్ళన్నీ నేలకు కట్టినవి. పొయ్యి ఒక్కటే పైకెక్కింది. కత్తిపీట, పొరక, చేట, పీట, మరుగుదొడ్డి, అన్నీ వంగితేనే అందుతాయి.

మూడో నెల ఎక్స్‌రేకు నేనే అక్కను తీసుకెళ్ళాను. అతుకు ఇంకా తెలియడం లేదు, మూడు నెలలకే తెలియాలనీ లేదు, మళ్ళీ చూద్దాం అన్నారు డాక్టరు. ఆ తర్వాత, "ఇంట్లో ఏం పనులు చేస్తున్నారమ్మా?" అని అడిగారు. అక్క చెప్పిన జవాబు నా చెవుల్లోంచి పోవడం లేదు. "ఏమీ లేదు సార్, ఊరికే ఉండాను."

దారిలో కారులో ఒక్కొక్కటీ అడిగాను. పొద్దున పాలు పితకడం. పేడ ఎత్తడం లేదు, "పక్కకు తోస్తా ఉండా అంతే". అంట్లు, అవీ "కూచోనే కదా". బట్టలు మిషన్ ఉతుకుతుంది, తియ్యడం, ఆరెయ్యడం తనది. ఒకపూట సంగటి. ఇంత చేస్తూ అది "ఊరికే". బి.ఏ. తెలుగు చదివినదాన్ని, మాటల్ని పట్టుకుని వేలాడటం నాకు అలవాటు. "ఊరికే" అంటే ఏ పనీ లేకుండా అని ఒక అర్థం, డబ్బు తీసుకోకుండా అని ఇంకో అర్థం. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ రెండు అర్థాలూ కలిసిపోయి, డబ్బు రాని పని అసలు పనే కాకుండా పోయింది. చెప్పేవాళ్ళకే కాదు, చేసేవాళ్ళకూ.

లెక్కలు లేక కాదు. కేంద్రప్రభుత్వం 2019లో దేశమంతటా ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళకు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళకు 97. ఆ 97 కూడా చేసే మగవాళ్ళ లెక్క. చేసేవాళ్ళే నూటికి 26 మంది. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ లెక్కనే ఎత్తిచూపింది. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన భార్యాభర్తల కేసు అది. ఇల్లాలి శ్రమకు విలువ కట్టాల్సిందేనని మన తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా వివరంగా రాశారు. చదివి సంతోషించాను. కానీ ఆ లెక్క ఆమె పోయాక పరిహారం కోసం వేసింది. బతికుండి, నడుములో నాలుగు స్క్రూలతో ఇంటికి వచ్చిన మనిషి 299 నిమిషాల పని ఎవరు చెయ్యాలో ఏ కోర్టూ చెప్పదు, ఇంట్లోవాళ్ళే చెప్పుకోవాలి.

2019 డిసెంబరులో మన రాష్ట్రంలో ఆరోగ్య ఆసరా అని పెట్టారు, ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5000 వరకు. మొత్తం చిన్నదే కావచ్చు. కోలుకోవడం కూడా ఖర్చేనని, ఆ రోజుల్లో మనిషి పని చెయ్యలేదని ప్రభుత్వమే ఒప్పుకుంది చూడండి, ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవడం లేదు.

మా బావను చెడ్డవాడనను. ఆపరేషన్ కోసం రెండు పాడి ఆవుల్లో ఒకదాన్ని అమ్మాడు. ఆస్పత్రిలో రాత్రుళ్ళు బెంచీ మీదే పడుకున్నాడు. అలాంటి మనిషి మిగిలిన ఒక్క ఆవు పేడ ఎత్తడానికి సిగ్గుపడ్డాడు. "ఆడోళ్ళ పని నేను చేస్తే ఊళ్ళో ఏమనుకుంటారు?" అన్నాడు. ఆవును అమ్మేటప్పుడు ఊరు ఏమనుకుంటుందో ఆలోచించలేదు కదా బావా అన్నాను. మాట్లాడలేదు.

ఎవరు చెయ్యాలి, అందరికీ పనిమనిషిని పెట్టుకునే స్తోమత ఉంటుందా అని మీరు అడగొచ్చు. ఉండదు. కాబట్టి ఏం చేస్తారో తెలుసా? ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉంటే ఆమె మీద వేస్తారు. అక్క కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. పొద్దున ఐదింటికి లేచి వంట చేసి కాలేజీకి పోతోంది, వారానికి రెండు రోజులు పోనే పోవడం లేదు. అక్క కొడుకు తిరుపతిలో బీటెక్, శని ఆదివారాలు ఇంటికొస్తాడు, తన కంచం కూడా తియ్యడు. తల్లి నడుము బాగుచెయ్యడానికి కూతురి చదువు విరగ్గొట్టడాన్ని సర్దుబాటు అంటున్నారు. నేను అనను. ఇరవై ఏళ్ళ కుర్రాడు బిందె ఎత్తితే అతనికేమీ కాదు. మా ఇంట్లో అక్క ఉన్న ఆ ఇరవై ఏడు రోజులూ మావారు కుక్కరు పెట్టారు, బట్టలు ఆరేశారు. చంద్రగిరి కోట ఏమీ కూలిపోలేదు.

ఆస్పత్రుల వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. అక్క చేతికిచ్చిన డిశ్చార్జి కాగితం నాలుగు పేజీలూ ఇంగ్లీషే. జాగ్రత్తలు చివరి పేజీలో ఒక వరుస. అది చదివి అర్థం చేసుకోవాల్సింది అక్క ఒక్కతే అన్నట్టు ఆమె మంచం దగ్గరే చెప్పి వెళ్ళిపోయారు. ఆమెకు చెప్పి ఏం లాభం? వంగేది ఆమె అయినా, వంగేట్టు చేసేది ఇల్లు. ఆపరేషన్‌కు సంతకం పెట్టించుకునేటప్పుడు భర్తను పిలుస్తారు కదా, అప్పుడే అత్తనూ కొడుకునూ కూడా కూర్చోబెట్టి, తెలుగులో, "మూడు నెలలు ఈమె నేలమీదున్నది ఏదీ ముట్టుకోదు, మీలో ఎవరు ఏది చేస్తారో చెప్పండి" అని అడిగితే అరగంట పట్టదు. ఏ పనీ పంచుకోకుండానే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోకండని చదివేవాళ్ళకు నేను చెప్తాను. పడమటి పద్ధతి మరుగుదొడ్డి లేకపోతే కమోడ్ కుర్చీ ముందే తెచ్చిపెట్టుకోండి. రోజూ వాడే గిన్నెలు, డబ్బాలు నడుము ఎత్తుకు మార్చండి. కుక్కిమంచం తీసి గట్టి పరుపు వెయ్యండి. ఇవన్నీ చేశాక కూడా ఆమె పొరక కోసం చెయ్యి చాపుతుంది, ముప్ఫై ఏళ్ళ అలవాటు. అప్పుడు పొరక లాక్కోవాల్సింది మీరే.

పోయిన వారం మళ్ళీ వెళ్ళాను. డాక్టరు చెప్పిన మూడు మాటలనూ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి వాళ్ళ వంటింటి గోడకు అంటించి వచ్చాను. దాని కిందే చెయ్యమన్నవి కూడా రాశాను, నడక, పప్పు, గుడ్డు. వాళ్ళ అత్త చదివించుకుని విని, "ఇవన్నీ సదువుకున్నోళ్ళ యవ్వారాలు" అనింది గానీ చింపలేదు. ఆవు పని బావ చూస్తున్నాడు, చీకట్లోనే, ఎవరూ లేవకముందు. సరే, అలాగైనా కానీ.

ఇంకొక్క విషయం తేలాలి. అక్కకు గుణమైతే కొండమీద అంగప్రదక్షిణ చేయిస్తానని బావ ఆపరేషన్ రోజు మొక్కుకున్నాడట. ఫ్యూజన్ అయిన నడుముతో, తడిబట్టలతో, ఆనందనిలయం చుట్టూ దొర్లడం! స్వామివారికి ఆ మొక్కు తీరాల్సిందే, నేను కాదనను. మొక్కింది బావ, దొర్లేదీ బావే. టోకెను నేను తీసిస్తానని చెప్పి వచ్చాను.