ఎడమవైపు వంత

బుర్రకథ చూచినవారికి ఆ ముగ్గురూ నిలబడే తీరు నేను చెప్పనక్కర్లేదు. చూడని పిల్లలు ప్రతి ఇంట్లోనూ వుంటారు గనుక చెబుతున్నాను. మధ్యన కథకుడు. భుజాన తంబుర, వేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలు. ఆయనకు అటొకరూ యిటొకరూ డక్కీలు వాయిస్తూ వంతలు. కుడివైపు వంత లోకం పోకడలూ, రాజకీయాలూ మాట్లాడతాడు. ఎడమవైపు వంత నవ్విస్తాడు.

నా స్నేహితుడు ఎడమవైపు వంత. ముప్ఫై యేళ్ళకు పైగా ఆ ఎడమవైపే నిలబడి, 2024 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, తెనాలి దగ్గర తన పల్లెలో నిద్రలోనే వెళ్ళిపోయాడు. నాకంటె పన్నెండేళ్ళు పెద్ద. నేను ‘అన్నయ్యా’ అనేవాణ్ణి. తను నన్ను, నాకింకా ఉద్యోగం రాకముందు నుంచే, ‘మాష్టారూ’ అనేవాడు. పగలు కుట్టుమిషను, రాత్రి డక్కీ. ముగ్గురి అంగీలూ, నడికట్లూ, తలపాగాల అంచులూ అన్నీ ఆయన కుట్టినవే.

పెద్దకర్మ మూడు రోజులుందనగా వదిన ఫోను చేసింది.

“దండ వెయ్యటానికి ఫొటో లేదు మాష్టారూ. మీ దగ్గరేమన్నా వుందేమో చూడండి” అంది.

నేను నమ్మలేదు. ఏటా దసరాకూ, శ్రీరామనవమికీ, కోటప్పకొండ తిరునాళ్ళకూ వేలాదిమంది ఎదుట నిలబడ్డ మనిషికి ఫొటో లేకపోవటమేమిటి? వున్న ఆల్బమల్లా సంచీలో వేసుకొని వెళ్ళాను.

వసారాలో చాప పరచి, ఎవరిళ్ళలో వున్నవి వాళ్ళం తెచ్చి పోశాం. కథకుడు పెద్దాయన ఒక బిస్కట్ల డబ్బా నిండా తెచ్చారు. కుడివంత ప్లాస్టిక్ కవరులో తెచ్చాడు. మేనల్లుడు ఫోనులో వున్నవి చూపించాడు. అంతా కలిపి వందకు పైమాటే. ఒక్కొక్కటే తీసి చేతులు మార్చుకుంటున్నాం. ముందు కాసేపు కబుర్లతో, నవ్వులతోనే సాగింది. “ఇది ఫలానా వూళ్ళో, వాన పడి పందిరి కూలిన రాత్రి,” “ఇది ఆ పెళ్ళిలో, భోజనాలు చాలక మనకు అటుకులు పెట్టారే,” అనుకుంటూ. చూస్తూ చూస్తూ వుండగా మాటలు తగ్గిపోయినై.

కోటప్పకొండ ప్రభ ముందు తీసిన ఫొటోలో కథకుడు నిండుగా వున్నారు, కుడివంత నిండుగా వున్నాడు. రెండో చివర ఒక చెయ్యీ, ఒక డక్కీ. వినాయకచవితి పందిట్లో తీసిన దాంట్లో తలపాగా తురాయి మాత్రం కనిపించింది. ఒక పెళ్ళి ఫొటోలో వీపు. ఇంకొక దాంట్లో మొహం వుంది గాని, కదిలిపోయి పొగలాగా వుంది. ఫొటో తీసేవాడు కథకుడి మీదే గురిపెడతాడు. నవ్వించేవాడేమో నిలకడగా వుండడాయె. కథకుడు నాలుగడుగులు ముందుకు వేస్తే ఆయన ఆరడుగులు వేసి, తప్పుచేసినవాడిలా రెండడుగులు వెనక్కి వచ్చేవాడు. ఆ రెండడుగులకే జనం పడీ పడీ నవ్వేవారు. ఆ రెండడుగులే ఆయన్ని ఫొటోలోంచి తప్పించినై.

విజయవాడ ఆకాశవాణిలో వాళ్ళ కథ వచ్చినప్పుడు మాత్రం ఆయన కథకుడితో సమానంగా నిండుగా వున్నాడు. రేడియోకు అంచులు లేవు గదా!

ఒక్కడే వున్న ఫొటో ఒకటి దొరికింది. కళాకారుల పింఛను దరఖాస్తుకు తీయించుకున్నది, తపాలాబిళ్ళంత. బిగదీసుకొని, భయపడుతూ, ఎవరో దొంగను పట్టుకొచ్చి నిలబెట్టినట్టు వున్నాడు. పెద్దది చేయిద్దామా అన్నాడు మేనల్లుడు. వదిన దాన్ని చూచి, “ఈయనెవరో నేనెరగను” అని తిరిగి యిచ్చేసింది.

మన భాషలో ‘వంత పాడటం’ అంటే తిట్టు. ఎవడేమన్నా తానతందాన అనేవాడని అర్థం. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక నాకీ మాట మీద కొంచెం కోపం. వంత చేసే పని అది కానే కాదు. కథకుడు ఆవేశంలో పోతుంటే అడ్డం పడి ‘ఎందుకు?’ అని అడిగేవాడు వంత. జనంలో కూర్చున్న ముసలమ్మకు వచ్చే సందేహం ఆయన నోట రావాలి. పల్నాటి యుద్ధంలో కోడిపందెం ఘట్టం వుంది. ఓడినవారు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలని పందెం. కథకుడు గంభీరంగా ఆ షరతు చెప్పి ఆగగానే అన్నయ్య డక్కీ ఆపేవాడు.

“అయ్యా, ఓడినవాళ్ళు అడవికి పోతారు. బాగానే వుంది. ఓడిన కోడి ఎక్కడికి పోవాలి?”

“నువ్వే చెప్పు!”

“పొయ్యి మీదికి! దాన్ని మాత్రం నాతో పంపండి.”

ఆ నవ్వు చల్లారటానికి రెండు నిమిషాలు పట్టేది. అదే మనిషి బాలచంద్రుడు నేలకొరిగే ఘట్టం వచ్చేసరికి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. తల వంచుకొని డక్కీ మీద వేళ్ళతో మెల్లగా మోగించేవాడు. “అంతదాకా నవ్వించినవాడు నోరు మూసుకుంటే, అప్పుడు తెలుస్తుంది మాష్టారూ జనానికి, నిజంగానే ఏదో అయిందని” అని నాతో ఒకసారి అన్నాడు. నా పరిశోధన వ్యాసంలో నేను రాసిన నాలుగు మంచి మాటల్లో అదొకటి.

ఆ యింట్లో గోడ మీద నాజర్ గారి పటం వుంది. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, బుర్రకథతో 1986లో పద్మశ్రీ అందుకొని, 1997లో కన్నుమూసిన నాజర్ గారు. ఆయన మీద మేము పరీక్షల్లో ప్రశ్నలు ఇస్తాం. వెనకటి జంగంకథల్లో భర్త కథ చెబితే భార్యలు వంత పాడేవారని, 1940 తర్వాత ప్రజానాట్యమండలి ఆ కళకు కొత్త ఊపిరి పోసిందని పిల్లలు చక్కగా రాస్తారు కూడా. ఇరవై యేళ్ళ ఉద్యోగంలో వంతల మీద నేను ఒక్క ప్రశ్నా యివ్వలేదు.

ఇంతకంటె పెద్ద తప్పు ఒకటుంది. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గాని కలం ఒప్పుకోవటం లేదు.

2002లో శ్రీరామనవమి పందిట్లో, అరువు తెచ్చిన కెమెరాతో, నేను వాళ్ళ ముగ్గురినీ ఫొటో తీశాను. 2005లో నా వ్యాసం పుస్తకంగా వేసుకున్నప్పుడు అదే అట్ట మీద వేయిద్దామన్నాను. అచ్చాఫీసాయన, ముగ్గురూ పట్టరు, ఒకరిని తీసెయ్యాలన్నాడు. నేను ఆలోచించిందీ లేదు. పెన్సిలు తీసి గీత గీశాను. ఎవరి దగ్గర గీశానో మీరు ఊహించే వుంటారు. కథలన్నీ నాకు రాత్రుళ్ళు కూర్చొని చెప్పింది ఆయన. కథలు రాసుకున్న తన నోటుబుక్కు నా చేతిలో పెట్టింది ఆయన.

పుస్తకం తీసుకెళ్ళి యిస్తే అట్ట వైపు చూచి, పెద్దగా నవ్వి, “ఎడంచెయ్యి లేకుండా కథ ఎట్లా నడిపించారు మాష్టారూ?” అన్నాడు. తరువాత బంధువులకు పంచటానికని అయిదు కాపీలు డబ్బిచ్చి కొన్నాడు. వద్దన్నా వినలేదు. నేను ఆ డబ్బు తీసుకున్నాను.

ఆ మాట వసారాలో వాళ్ళందరి ముందూ చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. వదిన లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి ఫొటోల మధ్య పెట్టింది, అంతే. అప్పుడు తట్టింది నాకు, ఫొటో కత్తిరించాను గాని నెగెటివ్ కత్తిరించలేదని! రాత్రికి రాత్రి ఇల్లు చేరి బీరువా అంతా తిరగేస్తే, కెమెరా రీలు కొన్నప్పటి కవరులోనే నాలుగేసి బొమ్మల ముక్కలుగా దొరికింది. పొద్దున్నే తెనాలిలో ఒక స్టూడియోకు పరుగెత్తాను. ఆ కుర్రవాడు దాన్ని యంత్రంలో పెట్టి తెర మీద చూపించాడు.

అన్నయ్య నిలువునా వున్నాడు. కదల్లేదు. కెమెరా వైపు చూడటం లేదు. మెడ సారించి, నోరు సగం తెరిచి, కథకుడి మొహంలోకి చూస్తున్నాడు, ఎక్కడ అడ్డుపడదామా అని.

సాయంత్రం ఆ ఫొటో అచ్చు చూచి వదిన ఇదే కావాలంది. కాని ముగ్గురున్న ఫొటోకు దండ ఎట్లా వేస్తాం? మిగిలిన యిద్దరూ మా ఎదుటే కూర్చొని వున్నారాయె. ఎవరూ ఆ మాట పైకి అనలేకపోతున్నాం. పెద్దాయన చాలాసేపు ఫొటో చేతిలోనే పెట్టుకున్నారు. తరువాత నాకందించి, తడబడకుండా, “ఈసారి నన్ను కత్తిరించండి మాష్టారూ” అన్నారు.

కత్తిరించాం. కాని వాళ్ళిద్దరూ ఎంత దగ్గరగా నిలబడ్డారంటే, ఎక్కడ గీసినా అంచున పెద్దాయన మోచెయ్యి, ఎర్ర అంగీ చేతికున్న జరీపట్టీ వచ్చేస్తున్నాయి. స్టూడియో కుర్రవాడు దాన్ని చెరిపేస్తానన్నాడు. వదినకు ఫోను చేసి అడిగాను.

“ఉండనియ్యండి. ఆ పట్టీ కుట్టింది ఆయనేగా” అంది.