మందులు అందుతున్నాయి.. మనిషి లేచి నిలబడేదెలా?

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రి బతికించి ఇంటికి పంపుతుంది. చందూర్ లాంటి చిన్న మండలంలో అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. బీపీ, షుగర్ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో దొరుకుతాయి, ఆశా కార్యకర్త వచ్చి అడిగి వెళ్తుంది. మరి పడిపోయిన చేతికి రోజూ వ్యాయామం చేయించేదెవరు? షుగర్‌తో కాలి వేళ్లు పోయినవాళ్లకు మళ్లీ నడక నేర్పేదెవరు? ఫిజియోథెరపీకి బోధన్‌కో, నిజామాబాద్‌కో వెళ్లాలంటే తోడుగా ఇంకొకరు కావాలి. ఇద్దరి కూలీ పోతుంది. రెండుసార్లు వెళ్లి మానేస్తారు.

ఇక్కడ ఇంకో దెబ్బ కూడా ఉంది. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు ఆడవాళ్లు చుట్టే బీడీలే ఆధారం. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. చెయ్యి ఆడకపోతే ఆ రోజు ఆదాయం సున్నా.

పింఛన్ ఉంది కదా అంటారు. వికలాంగుల పింఛన్‌ను 2023లో రూ.3,016 నుంచి రూ.4,016కు పెంచారు. మంచిదే. కానీ అది కావాలంటే 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో గుండెజబ్బు, ఆయాసం లేవు. పనికి పోలేక ఇంట్లో కూర్చున్నా వీళ్లు ఆ లెక్కలోకి రారు.

దీనికి దారి ఎప్పుడో చూపించారు. 1978 ఆల్మా ఆటా ప్రకటన తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాజ ఆధారిత పునరావాసాన్ని ముందుకు తెచ్చింది. ఆరోగ్యం, చదువు, ఉపాధి, నలుగురితో కలిసి బతకడం, తన హక్కు తాను అడగగలగడం.. ఈ ఐదూ రోగి ఉన్న ఊళ్లోనే, ఊరివాళ్ల చేతుల మీదుగా జరగాలన్నది దాని సారం. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కింద వికలాంగుల సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఫిజియోథెరపీ చేయిస్తారు. పిల్లలకు మండలంలో సాధ్యమైంది పెద్దలకు ఎందుకు కాదు?

గ్రామసభలో అడగాల్సింది ఇదే: వారానికో రోజు ఊరి దగ్గరే ఫిజియోథెరపిస్ట్, మహిళా సంఘాల్లో కొందరికి శిక్షణ. మొహల్లాలో మనం చేయగలిగిందీ ఉంది. రంజాన్‌లో రేషన్ కిట్లు పంచే మస్జిద్ కమిటీలు ఉలమాను అడిగి, అర్హులైన పేద రోగులకు వాకర్, చక్రాల కుర్చీ, ఆటో ఖర్చు కూడా చూడొచ్చు. రోగిని పరామర్శించడం మనకు అలవాటే. వెళ్లినప్పుడు పది నిమిషాలు చెయ్యి పట్టుకుని నడిపిస్తే అదీ పునరావాసమే.