తొక్కే కదా అని పారేయకండి

పెళ్ళిళ్ళలోనూ పేరంటాల్లోనూ నాకు ఒళ్ళు మండే ప్రశ్న ఒకటుంది. "ఈ వయసులో ఈ హుషారేమిటమ్మా?" యాభై దాటినావిడ కోలాటం కర్రలు పట్టినా, స్కూటీ నేర్చుకున్నా ఇదే మాట. అడిగేది మగవాళ్ళే అనుకోకండి, ముందు వరసలో మనవాళ్ళే ఉంటారు. అదే యాభై దాటినాయన షటిల్ ఆడితే "ఇంకా కుర్రాడే" అని మెచ్చుకోలు.

ఈ హుషారుకి ఇంగ్లీషులో జెస్ట్ అని ఒక మాటుంది. డిక్షనరీలో ఉత్సాహం అని రాస్తారు గానీ, దాని పుట్టుక వంటింటి సరుకులోంచే. 17వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి అర్థం నిమ్మ, నారింజ పైతొక్క. వాసన కోసం పానీయంలో వేసే చిన్న తొక్కముక్క. 18వ శతాబ్దం చివరికొచ్చేసరికి బతుకుని ఇష్టంగా ఆస్వాదించడం అనే అర్థం కూడా వచ్చింది. ఇప్పటికీ కేకులు చేసేవాళ్ళు కాయ మీది రంగు పొరని మాత్రం తురిమి దాన్నే జెస్ట్ అంటారు. కింది తెల్లపొర చేదు, దాన్ని తగలనివ్వరు.

తెనాలి నిమ్మకాయల మార్కెట్టు ఎరిగిన రామాపురం వాళ్ళం, మనకి నిమ్మకాయ గురించి ఒకరు చెప్పాలా! పులుపు రసంలో ఉంటుంది, ఘుమఘుమ తొక్కలో ఉంటుంది. దాన్నిండా సన్నటి నూనె తిత్తులు. చిన్నప్పుడు తొక్కని దీపం దగ్గర వంచి నొక్కితే చిటపటమని మెరిసేది, గుర్తుందా? మండేది ఆ నూనే.

మరి మనం చేసేదేమిటి? రసం పిండుకుని, ఆ తొక్కతోనే ఇత్తడి చెంబులు తోమి చెత్తబుట్టలో పడేస్తాం. పైగా పనికిరాని ప్రతిదాన్నీ "తొక్కలో" అంటాం. (ఊరగాయ పెట్టినప్పుడు మాత్రం తొక్క మెత్తబడిందా లేదా అని రోజూ జాడీ మూత తీసి చూస్తాం.) ఆడమనిషితోనూ వరస ఇంతే. పురుళ్ళు, పిల్లల పరీక్షలు, అత్తమామల మందులు అన్నీ అయ్యాక మిగిలిన కాస్త హుషారూ మనవల కోసం దాచాలట. తనకోసం వాడుకుంటే "తగుదునమ్మా అని బయల్దేరింది" అంటారు.

ఆ మాట విడదీసి చూడండి. తగుదును, అంటే నేను ఇందుకు తగినదాన్ని. ఇందులో తిట్టేముంది? అది చాలదన్నట్టు, ముందుకొచ్చిన మగాణ్ణి వెక్కిరించాలన్నా అదే "అమ్మా" తగిలిస్తాం!

ఇంగ్లీషులో ఉత్సాహానికున్న ఇంకో మాట ఎంథూజియాజం. దాని గ్రీకు మూలానికి లోపల దేవుడున్నాడని అర్థం, మన పూనకం లాంటిదే. జాతరలో అమ్మవారు పూనితే అదే ఆవిడ కాళ్ళ మీద పడతాం. తనంతట తాను రెండు అడుగులేస్తే మాత్రం అడ్డం పడతాం.

వయసుకి తగ్గట్టు ఉండాలంటారా? మోకాళ్ళు ఒప్పుకోకపోతే అవే ఆపుతాయి, పక్కింటివాళ్ళు ఆపక్కర్లేదు. ఇంటిపని ఎగ్గొడుతుందంటారా? ముప్పై ఏళ్ళు ఎగ్గొట్టని మనిషి గంటసేపు బయటికెళ్తే కొంప మునగదు. కుక్కరు పెట్టడం మిగతావాళ్ళూ నేర్చుకోవచ్చు, వాళ్ళ వయసుకి అదేమంత ఎక్కువ హుషారు కాదు.