చెవి కోసుకునేవాళ్లు కళ్లు మూసుకోరేం?

పదేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం మా ముందుగదిలో నేను ఘనంగా మోసపోయాను. అప్పటికి నా దగ్గరొక వాల్వు యాంప్లిఫయర్ ఉండేది, రెండేళ్లు దాచిన డబ్బుతో కొన్నది. నా మిత్రుడొకడు కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని, చిప్పు పెట్టి, పాత స్టెబిలైజరు డబ్బాలో బిగించిన యాంప్లిఫయర్ పట్టుకొచ్చాడు. రెండింటికీ మధ్య ఒక స్విచ్చు పెట్టాడు. ఇటు నొక్కితే వాల్వు, అటు నొక్కితే డబ్బా. వీణ కచేరీ రికార్డింగు పెట్టుకుని గంటసేపు విన్నాను. వాల్వు మీదికి మార్చగానే మీటు తర్వాతి నాదం నిండుగా సాగేది. డబ్బా మీదికి మార్చగానే పొడిబారేది. ఆ మాటే చెప్పాను. "ఇంకోసారి విని చెప్పరా" అన్నాడు. విన్నాను. అదే తేడా. అప్పుడు వాడు స్విచ్చు పెట్టెను తిరగేసి చూపించాడు. లోపల ఆ స్విచ్చుకు ఒక్క తీగా అతికి లేదు. గంటసేపూ పాడింది స్టెబిలైజరు డబ్బా ఒక్కటే. నా వాల్వులు పక్కన ఊరికే ఎర్రగా వెలుగుతూ కూర్చున్నాయి.

ఆడియో ప్రియుల లోకంలో ఇవాళ్టికీ చెల్లుబాటయ్యే మాట ఒకటుంది: మీటర్లు పాట వినవు, చెవులు వింటాయి, కాబట్టి యాంప్లిఫయర్ మంచిచెడ్డలు తేల్చాల్సింది చెవే. ఇంపైన మాట. ఇందులో మనిషి గెలుస్తాడు, యంత్రం ఓడిపోతుంది, అందుకే ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. నేను ఎదురు చెబుతున్నాను, అదీ చెవి పక్షాన నిలబడే. నా ఫిర్యాదు ఒకటే. చెవే ప్రమాణం అంటున్నవాళ్లు చెవిని నమ్మడం లేదు. పెట్టె ముందున్న మందపాటి అల్యూమినియం పలకను, దాని మీది పేరును, బిల్లు మీది అంకెను నమ్ముతున్నారు. సాక్ష్యం కంటిది, సంతకం చెవిది.

చెవి సామాన్యమైనదేం కాదు. తంబూరా శ్రుతి చేసేవాళ్లను చూడండి. సారణి తీగలు రెండూ దాదాపు కలిశాక గాయకుడు తల వంచి వింటాడు. ఒక తీగ సెకనుకు 140 సార్లు, పక్కది 141 సార్లు కంపిస్తుంటే నాదం సెకనుకోసారి ఉబ్బి తగ్గుతుంది. ఆ అల అణిగేదాకా బిరడా తిప్పుతాడు, పూస జరుపుతాడు. అంత సన్నటి తేడాను ఏ మీటరూ లేకుండా పట్టేది ఆ చెవే. కానీ అది ఎలా పట్టిందో గమనించాలి. రెండు తీగలూ ఒకేసారి మోగుతున్నాయి. నిన్న మోగిన తీగను గుర్తుపెట్టుకుని ఇవాళ్టి తీగను దానితో కలపమంటే ఏ విద్వాంసుడూ ఒప్పుకోడు. చెవి పోల్చడంలో దిట్ట, గుర్తుపెట్టుకోవడంలో మతిమరుపు మనిషి. నాదంలోని సూక్ష్మాలు మనసులో నిలిచేది సెకన్ల లెక్కలోనే. మన ఆడియో ప్రియుడు మాత్రం తీగలు ఊడదీసి, రెండో పెట్టె బిగించి, ఈలోగా కాఫీ కూడా తాగి, "నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా" అని తీర్పిచ్చేస్తాడు.

చెవికి ఇంకో బలహీనత ఉంది. ఒకే పాటను అర డెసిబెల్ పెంచి వినిపిస్తే చెవి "శబ్దం పెరిగింది" అనదు. "స్పష్టంగా ఉంది, నిండుగా ఉంది" అంటుంది. శబ్దం స్థాయిని బట్టి మంద్ర, తార స్వరాలు చెవికి ఆనే తీరు మారిపోతుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే గీతలు గీసి చూపించారు. కాబట్టి దుకాణంలో ఏ పెట్టెను అంటగట్టాలనుకుంటే దాని వాల్యూమ్ రవ్వంత పెంచితే చాలు. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి.

మరి చెవిని చెవిగా పనిచేయనిస్తే ఏమవుతుంది? శబ్దం స్థాయిలు సమానం చేసి, ఏది మోగుతోందో తెలియకుండా తెర కట్టి వినిపిస్తే? ఈ పని చాలామంది చేశారు. ఇంగ్లండులో క్వాడ్ కంపెనీ స్థాపకుడు పీటర్ వాకర్ తన మూడు తరాల యాంప్లిఫయర్లను పరీక్షకు పెట్టాడు: 1953 నాటి వాల్వు పెట్టె, 1967 నాటి ట్రాన్సిస్టరు పెట్టె, 1975 నాటి కొత్త డిజైను. ఫలితాలు 1978లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో వచ్చాయి. విన్నవాళ్లు ఏది ఏదో పోల్చుకోలేకపోయారు. కొత్తది పాతదానికన్నా బాగా పాడుతుందని చెప్పుకుంటే ఆయన సరుకే అమ్ముడుపోయేది. అయినా పరీక్ష పెట్టిన మనిషి ఆయన. 1987 జనవరిలో అమెరికాలో స్టీరియో రివ్యూ పత్రిక సుమారు 220 డాలర్ల రిసీవరు మొదలు 12,000 డాలర్ల వాల్వు జత దాకా 6 రకాలను 25 మందికి తెరచాటున వినిపించింది. తేడా ఉంటుందని నమ్మేవాళ్లూ, ఉండదనేవాళ్లూ ఆ పాతికమందిలో ఉన్నారు. మొత్తం మీద వచ్చిన ఫలితం నాణెం ఎగరేస్తే వచ్చేంతే.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైన కథ 1985 నాటిది. బాబ్ కార్వర్ అనే ఇంజనీరు, చెవే ప్రమాణమనే స్టీరియోఫైల్ పత్రిక వాళ్ల ఊరికే, శాంటాఫేకి, వెళ్లాడు. మీకు నచ్చిన ఖరీదైన యాంప్లిఫయర్ ఏదైనా ఇవ్వండి, నా ట్రాన్సిస్టరు పెట్టెను 48 గంటల్లో అలాగే పాడేటట్టు చేస్తాను అన్నాడు. వాళ్లొక వాల్వు యాంప్లిఫయర్ ఇచ్చారు. ఆయన చేసింది అచ్చం తంబూరా శ్రుతి చేయడమే. రెండింటికీ ఒకే పాట ఇచ్చి, ఒకదాని నుంచి ఒకటి తీసేస్తే మిగిలేది తేడా. ఆ మిగులు సున్నాకు దగ్గరయ్యేదాకా సర్దుతూ పోవడమే పని. మిగులు పాటకన్నా 35 డెసిబెల్స్ కిందికి దిగినప్పుడు పత్రికవాళ్లు ఇంకా తేడా పట్టగలిగారు. చెవి గొప్పదనం చూడండి. 70 దాకా దించాక పట్టలేకపోయారు. తర్వాత అమ్మకానికొచ్చిన నమూనా అలా లేదని అదే పత్రిక పేచీ పెట్టింది, నిజమే. ఆ నమూనా దగ్గర మిగులు అంత లోతుకు దిగలేదని చూపింది కూడా కొలతే. ఈ కథలో చెవీ మీటరూ తగువులాడుకోలేదు. ఒకటి ఆగినచోట రెండోది ఆగింది.

కన్ను చేసే పనికీ సాక్ష్యం ఉంది. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు 1994లో 40 మందికి 4 స్పీకర్లు వినిపించి మార్కులు వేయించారు, ఒకసారి తెర కట్టి, ఒకసారి తీసి. తెర చాటున మంచి మార్కులు తెచ్చుకున్న చిన్న, చవక ప్లాస్టిక్ స్పీకరు తెర తీయగానే కిందికి జారింది. పెద్ద పెట్టెలు, ఖరీదైన పెట్టెలు పైకెక్కాయి. విన్నది ఒకటే జనం, ఒకటే చెవులు.

ఇక ఎదుటివాళ్ల వాదనలు. వాటిలో బలమైనదాన్నే ముందు తీసుకుంటాను. 1960లలో తొలి ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లు కాగితం మీద వాల్వులకన్నా తక్కువ డిస్టార్షన్ చూపించి, పాటను గరుకుగా వినిపించాయి. మీటరు బాగుందంది, చెవి బాగాలేదంది. చెవే గెలిచింది. నిజం. కానీ ఎందుకు గెలిచింది? ఆ పెట్టెల్లో తరంగం పై సగాన్ని ఒక ట్రాన్సిస్టరు, కింది సగాన్ని ఇంకొకటి మోస్తాయి. చేతులు మారే చోట చిన్న నొక్కు పడుతుంది. ఫుల్ పవరు మీద కొలిస్తే అంత పెద్ద తరంగంలో ఆ నొక్కు లెక్కలోకి రాదు. మెల్లగా పాట పెట్టుకుంటే పాటలో అదే పెద్ద పాలు. తప్పు కొలవడంలో లేదు, ఎక్కడ కొలిచారో అక్కడ ఉంది. అలాంటి నొక్కు పుట్టించే పై వరుస హార్మోనిక్స్ చెవికి ఎక్కువ గుచ్చుకుంటాయి కనుక వాటికి ఎక్కువ బరువివ్వాలని బీబీసీ ఇంజనీరు షార్టర్ 1950లోనే చెప్పాడు. హఠాత్తుగా వచ్చే శబ్దాన్ని అందుకోలేని నిదానపు యాంప్లిఫయర్ల జబ్బును మట్టి ఓటాలా అనే ఇంజనీరు 1970లో పట్టుకున్నాడు. చెవి ఫిర్యాదు ఇచ్చింది, కొలత దర్యాప్తు చేసింది, దోషి దొరికాడు. దర్యాప్తే వద్దనడానికి ఆ ఫిర్యాదును వాడుకోవడం న్యాయమా?

రెండో వాదన: వాల్వుల "వెచ్చదనం" అందరికీ వినిపిస్తుంది, అదీ భ్రమేనా? అన్ని సందర్భాల్లో కాదు. ఫీడ్‌బ్యాక్ లేని వాల్వు యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే కరెంటుకు దాని లోపలి అడ్డు, 2 ఓమ్‌లు ఉందనుకోండి. స్పీకరు ఇంపీడెన్స్ ఒక స్వరం దగ్గర 4 ఓమ్‌లు, ఇంకో స్వరం దగ్గర 20 ఓమ్‌లు ఉంటుంది. లెక్క వేస్తే ఆ రెండు స్వరాల మధ్య రెండున్నర డెసిబెల్స్‌కు పైగా హెచ్చుతగ్గు వస్తుంది. అది స్పష్టంగా వినిపిస్తుంది, వినిపించాలి కూడా. మామూలు ట్రాన్సిస్టరు పెట్టెలో ఆ ఇంపీడెన్స్ 0.05 ఓమ్ ఉంటే అదే హెచ్చుతగ్గు 0.1 డెసిబెల్ కూడా ఉండదు. అంటే ఆ వెచ్చదనం ఏ స్వరం దగ్గర ఎంత ఉంటుందో పాట పెట్టకముందే కొలత చెప్పేస్తుంది. "కొలతకు అందని మాధుర్యం" అని దేన్ని పొగుడుతున్నామో అది కూడికలు, భాగహారాల్లో దొరికిపోతోంది.

మూడోది: తెరచాటు పరీక్షలో కంగారు పుడుతుంది, నెలల తరబడి వింటేనే అసలు గుణం తెలుస్తుంది. సరే, నెలల తరబడే వినండి. తొందర పెట్టింది ఎవరు? ఏది మోగుతోందో తెలియకుండా వినమనడమే షరతు, గడియారం షరతులో లేదు. ఒక పరీక్షలో తేడా పట్టలేకపోయినంత మాత్రాన తేడా అసలే లేదని రుజువు కాదు, అదీ ఒప్పుకుంటాను. కానీ నాగలోకమంత తేడా ఉందన్నవాడు తెర కట్టగానే పదహారుసార్లలో ఎనిమిదిసార్లే సరిగ్గా చెబితే, రుజువు భారం ఎవరి మీదుంది?

నా వాదన హద్దులు కూడా చెప్పాలి. యాంప్లిఫయర్లన్నీ ఒకటే అని నేననడం లేదు. స్పీకరుకు చాలినంత పవరు ఉండాలి, గట్టి శబ్దాల దగ్గర తరంగం తల తెగి క్లిప్ కాకూడదు, రొద ఉండకూడదు, అవుట్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువుండాలి, వినిపించే స్వరాలన్నిటినీ సమంగా పెంచాలి. ఈ పరీక్షలు నెగ్గినవాటి మధ్య మిగిలిన తేడాను చెవి పట్టుకోగలదనే మాటకు ఆధారం చూపమంటున్నాను, అంతే.

అంకెల భక్తులకూ నా దగ్గర అక్షింతలున్నాయి. పాట 90 డెసిబెల్స్‌లో మోగుతుంటే, దానికన్నా 100 డెసిబెల్స్ కిందున్న డిస్టార్షన్ చెవి వినగల హద్దుకే పది డెసిబెల్స్ కిందుంటుంది. దాన్ని 120కి దించామని పండగ చేసుకోవడం, ధర చూసి పరవశించడం, రెండూ ఒకటే జబ్బు. అంకె కూడా అబద్ధమాడగలదు. 1990లలో మన బజార్లో టేపు రికార్డర్ల మీద మెరిసిన పీఎంపీఓ అనే వాట్ల స్టిక్కర్లు గుర్తున్నాయా? ముందు వందల వాట్లు, వెనక అది లాగే కరెంటు పట్టుమని పాతిక వాట్లు ఉండదు. ఇలాంటి బడాయికి ముక్కుతాడు వేయడానికే అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో నిబంధన తెచ్చింది: ఎన్ని ఓమ్‌ల మీద, ఏ స్వరం నుంచి ఏ స్వరం దాకా, ఎంత డిస్టార్షన్‌తో అన్ని వాట్లో చెప్పి తీరాలి. దొంగ కొలతకు మందు మంచి కొలతే.

ఇంతకీ ఈ తగువు వల్ల నష్టపోతున్నది ఎవరు? యాంప్లిఫయర్ మీద లక్ష పోసి, దాన్ని స్లాబు కింద, నున్నటి గోడల మధ్య, టైల్స్ నేల మీద పెట్టుకున్న మనలాంటివాడు. ఆ గదిలో చప్పట్లు కొడితే ఖంగుమంటుంది. కొన్ని మంద్ర స్వరాలు మూలల్లో పది డెసిబెల్స్ ఉబ్బిపోతాయి, గది నడుమ మాయమైపోతాయి. అక్కడ 0.1 డెసిబెల్ తేడా కోసం వెతకడం సంతలో గుసగుస వినడమే. ఆ లక్షలో కొంత మంచి స్పీకర్ల మీద, మిగతాది మందపాటి తెరల మీద, నేల మీద పరిచే జంపఖానా మీద, గోడ నిండా పుస్తకాల మీద పెడితే తేడా కళ్లు మూసుకున్నా వినిపిస్తుంది.

నా వాల్వు యాంప్లిఫయర్‌ను నేను అమ్మలేదు. దీపాలార్పి, ఆ ఎర్రటి వెలుగు చూస్తూ వింటే నాకు హాయిగా ఉంటుంది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. రుచికి రుజువు అక్కర్లేదు. నా రుచిని ధ్వని గుణమని ఊరందరికీ చాటి, పక్కవాడి చేత అప్పు చేయించడానికి మాత్రం రుజువు కావాలి.

రుజువు చూపడం కష్టమేం కాదు. ఒక మల్టీమీటరు, ఒక స్థిరమైన టోన్, ఒక నమ్మకమైన మిత్రుడు, ఒక దుప్పటి ఉంటే చాలు. స్పీకరు తీగల దగ్గర వోల్టేజి కొలిచి, రెండు యాంప్లిఫయర్లనూ ఒక శాతం లోపు తేడాకు తెండి. దుప్పటి కట్టండి. మిత్రుడు నాణెం ఎగరేసి ఏది మోగించాలో నిర్ణయిస్తాడు. అతని మొహం కూడా మీకు కనబడకూడదు. ఊహ మీద చెప్పేవాడికి పదహారింట పన్నెండో అంతకుమించో కలిసొచ్చే అవకాశం నూటికి నాలుగు కూడా లేదు. మీకు పన్నెండు వస్తే నాకు కబురు పెట్టండి. ఈ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటాను. కానీ వచ్చేముందు మీ స్విచ్చు పెట్టెను తిరగేసి చూస్తాను, తీగలు అతికి ఉన్నాయో లేవో.